బోర్డ్ గేమ్స్‌లో మెంటర్‌గా ఉండటం ఎలా? మెంటర్ దగ్గర నేర్చుకోవడం ఎలా?

రూల్స్ చెప్పడం వేరు, మెంటర్‌గా ఉండటం వేరు. రూల్స్ చెప్పడం ఒక పూట పని, ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పేస్తారు. మెంటర్ పని నెలల తరబడి సాగుతుంది. నిన్నమొన్నటిదాకా పెట్టె మూత తీయడానికే జంకిన మనిషి, ఓ రోజు తనే ఒక గేమ్ ఎంచుకుని, రూల్‌బుక్ చదువుకుని, నలుగురిని కూర్చోబెట్టి ఆడించాడంటే మెంటర్ పని అయినట్టే. ఆ మనిషి మీకన్నా బాగా ఆడతాడా, ఎన్నిసార్లు గెలిచాడు అన్నవి నా లెక్కలో తర్వాతి విషయాలు. మీరు రాని రోజున కూడా టేబుల్ నడవాలి.

మొదటి భాగం నేర్పేవాళ్ల కోసం, రెండోది నేర్చుకునేవాళ్ల కోసం. రెండూ చదవండి. ఈ హాబీలో ఒకే మనిషి ఈ టేబుల్ దగ్గర నేర్పుతూ, పక్క టేబుల్ దగ్గర ఏమీ తెలియని కొత్త మనిషిగా కూర్చోవడం మామూలే.

నేర్పేవాళ్ల కోసం

1. ముందు వాళ్లకేం కావాలో కనుక్కోండి

"నాకు మెంటర్‌గా ఉంటారా?" అని నోరు తెరిచి అడిగేవాళ్లు అరుదు. "వచ్చేవారం కూడా మీ టేబుల్ దగ్గర కూర్చోవచ్చా?" అంటారు. అడగడమంటే అదే. ఆ మాట వినబడగానే ఓ ఐదు నిమిషాలు విడిగా మాట్లాడండి.

ఒకరికి నలుగురితో సరదాగా సాయంత్రం గడిస్తే చాలు. ఇంకొకరికి టోర్నమెంట్ ఆడాలని ఉంటుంది. ఒకరి నోట్‌బుక్‌లో సొంత గేమ్ ఐడియా ఉంటుంది. మరొకరికి ఆట కన్నా ఆ చిన్న బొమ్మలకి రంగులు వేయడం మీదే మనసు. మీకు రాని పని అయితే మొహమాటపడకుండా అది వచ్చినవాళ్ల దగ్గరికి పంపండి.

అడగాల్సినవి మూడు: ఇంతకుముందు ఏం ఆడారు? ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు ఆడగలరు? ఏ గేమ్ నచ్చలేదు, ఎందుకు? ఎక్కువ పనికొచ్చేది ఆఖరిది. "ఫలానా గేమ్ బాగుంది" అంటే పెద్దగా ఏమీ తెలియదు. "నేను కట్టుకున్నదాన్ని పక్కవాళ్లు వచ్చి పడగొట్టడం నచ్చలేదు" అంటే మాత్రం, ఒకరి మీద ఒకరు దాడి చేసుకునే రూట్ లాంటి గేమ్ ఇప్పట్లో బయటికి తీయకూడదని అర్థమైపోతుంది.

ఎన్నాళ్లకోసారి కలుస్తారో కూడా అప్పుడే అనుకోండి. రెండు వారాలకోసారి అనుకుని తప్పకుండా కలవడం, రోజూ కలుద్దామని అనుకుని మానేయడం కన్నా నయం.

2. మెట్టు మెట్టుగా గేమ్స్ ఎంచుకోండి

మీకు బాగా ఇష్టమైన గేమ్‌ని మొదట తీయకండి. దాన్ని మీరు ఎన్నోసార్లు ఆడి ఉంటారు, అందులో ఏది కష్టమో మీకిప్పుడు కనబడదు.

ఎంచుకోవడానికి రెండు గుర్తులు పనికొస్తాయి. బోర్డ్‌గేమ్‌గీక్ సైట్‌లో ప్రతి గేమ్‌కీ ఎంత క్లిష్టమో చెప్పే అంకె ఉంటుంది, 1 నుంచి 5 దాకా. 2 చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టి, 3 దగ్గరికి నెమ్మదిగా వెళ్లండి. రెండోది జర్మనీలో 1979 నుంచి ఏటా ఇస్తున్న స్పీల్ డెస్ యారెస్ అవార్డు. పెట్టె మీద ఎర్ర పావు బొమ్మ ఉంటే అది ఇంటిల్లిపాదీ ఆడుకునే స్థాయి. 1995లో కటాన్, 2001లో కార్కసోన్, 2004లో టికెట్ టు రైడ్, 2018లో అజూల్ ఈ అవార్డు గెలిచాయి. కాస్త అలవాటు పడ్డవాళ్ల కోసం 2011 నుంచి కెన్నర్‌స్పీల్ అనే విభాగం విడిగా ఉంది, దాని పావు బొమ్మ ముదురు బూడిద రంగులో ఉంటుంది. 2019లో వింగ్‌స్పాన్ అనే పక్షుల గేమ్ గెలిచింది ఈ విభాగంలోనే.

దీన్ని సిలబస్‌లా పట్టుకుని వేలాడక్కర్లేదు. కొత్తవాళ్లకి మూడు వారాల్లో మూడు గేమ్స్ చూపించే ఉత్సాహం మనకి ఉంటుంది కానీ, ఒకే గేమ్ మూడుసార్లు ఆడించడమే మేలు. మొదటిసారి రూల్స్ తెలుస్తాయి. రెండోసారి తోటి ఆటగాళ్లు ఏం చేస్తున్నారో కనబడటం మొదలవుతుంది. "ఈసారి వేరేలా చేసి చూస్తా" అన్న మాట మూడోసారి వస్తుంది.

పెద్ద గేమే ఆడతానని పట్టుబడితే కాదనకండి. చాలా పెద్ద గేమ్స్‌లో కొత్తవాళ్ల కోసం తేలిక దారి పెట్టే ఉంటుంది. టెర్రాఫార్మింగ్ మార్స్‌లో బిగినర్ కార్పొరేషన్ తీసుకుంటే 42 మెగాక్రెడిట్లతో (ఆ గేమ్‌లో డబ్బు) పాటు మొదటి 10 కార్డులూ ఊరికే వస్తాయి, ఏ కార్డు కొనాలి, ఏది వదలాలి అన్న తలనొప్పి మొదట్లోనే ఉండదు. అగ్రికోలాలో వృత్తుల కార్డులు పక్కనబెట్టి ఆడే ఫ్యామిలీ వెర్షన్ ఉంది. పాత కాపులు వీటిని చిన్నచూపు చూస్తారు. మీరు చూడకండి.

3. రూల్స్ ఒక వరసలో చెప్పండి

ఏ రూల్ దేనికో తెలియకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే ఎవరైనా బెదిరిపోతారు. అందుకని ఈ వరస పాటించండి: ఎలా గెలుస్తాం, ఒక వంతులో ఏం చేయొచ్చు, ఆట ఎప్పుడు ఆగుతుంది. మిగతావి సందర్భం వచ్చినప్పుడు.

టికెట్ టు రైడ్‌ని ఇలా చెప్పొచ్చు:

"మ్యాప్ మీద ఊళ్లని రైలు మార్గాలతో కలపాలి. మార్గం వేసినప్పుడల్లా పాయింట్లు వస్తాయి. మీ చేతిలో ఉన్న టికెట్ మీద రెండు ఊళ్ల పేర్లున్నాయి కదా, ఆ రెంటినీ కలిపితే దాని మీద రాసిన పాయింట్లు వస్తాయి, కలపలేకపోతే అన్నే పోతాయి. మీ వంతు వచ్చినప్పుడు మూడింట్లో ఒక్క పనే చేయాలి. రైలు కార్డులు తీసుకోవచ్చు, లేదా ఒక మార్గం వేయొచ్చు, లేదా కొత్త టికెట్లు తీసుకోవచ్చు. ఎవరి దగ్గరైనా రైళ్లు రెండో అంతకన్నా తక్కువో మిగిలాయంటే, అందరికీ ఇంకొక్క వంతు ఉంటుంది, తర్వాత లెక్కలు."

ఇంతే, ఇక మొదలుపెట్టేయొచ్చు. తెరిచి ఉన్న కార్డుల్లోంచి లోకోమోటివ్ (ఏ రంగుకైనా పనికొచ్చే కార్డు) తీసుకుంటే ఆ వంతుకి ఇంకో కార్డు రాదన్న రూల్, ఎవరైనా దాని మీద చేయి వేసినప్పుడు చెబితే సరిపోతుంది. అప్పుడైతే గుర్తుంటుంది కూడా.

అయితే ఏది తర్వాత చెప్పొచ్చు, ఏది ముందే చెప్పాలి? దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆట చివర్లో ఆ రూల్ బయటపడితే "ముందే చెప్పుంటే వేరేలా ఆడేదాన్నిగా!" అని ఎవరైనా అంటారా? అనే పక్షంలో ముందే చెప్పాలి. టికెట్ టు రైడ్‌లోనే చూడండి: అందరికన్నా పొడవైన ఎడతెగని దారి వేసినవాళ్లకి ఆఖర్లో 10 పాయింట్లు అదనం. ఆరు రైళ్ల మార్గానికి 15 పాయింట్లు వస్తే ఒక్క రైలు మార్గానికి వచ్చేది ఒక్కటే. ఇద్దరో ముగ్గురో ఆడుతుంటే జంట మార్గాల్లో (రెండు ఊళ్ల మధ్య పక్కపక్కనే ఉన్నవి) ఒకటి వేశాక రెండోది మూసుకుపోతుంది. ఇవన్నీ ముందే చెప్పాల్సినవి. ఈ జంట మార్గాల సంగతి బాగా ఆడేవాళ్లు కూడా చెప్పడం మర్చిపోతుంటారు, ఎందుకంటే నలుగురు కూర్చున్న టేబుల్‌కి దాని అవసరం రాదు.

చెబుతున్నంతసేపూ ముక్కలు వాళ్ల చేతుల్లో ఉండనివ్వండి. కార్డులు కలపమనండి, రైళ్లు లెక్కపెట్టమనండి. ఒకటి మాత్రం తప్పకుండా చేయాలి: ముందు రోజు రాత్రి రూల్‌బుక్ ఓసారి తిరగేసి రండి. మీరు పేజీలు తిప్పుతూ "ఆగండాగండి, ఇక్కడెక్కడో ఉండాలి" అనడం మొదలెట్టారంటే అవతలివాళ్లు ఫోన్లు తీస్తారు.

4. మొదటి ఆటలో నోరు అదుపులో పెట్టుకోండి

బాగా ఆడేవాళ్లు తడబడేది ఇక్కడే. కొత్త మనిషి తప్పు ఎత్తు వేయబోతుంటే చూస్తూ ఊరుకోవడం వాళ్ల వల్ల కాదు. తప్పుల్లో మూడు రకాలున్నాయని గుర్తు పెట్టుకుంటే ఈ పని కాస్త సులువవుతుంది.

రూల్ తప్పితే అక్కడికక్కడే, మెల్లగా చెప్పండి. తర్వాత చెబుదామని ఆగితే అప్పటికి ఆట చిక్కుపడిపోతుంది.

తెలియక చేసే తప్పు రెండో రకం. కటాన్‌లో ఆట మొదట్లోనే ప్రతి ఒక్కరూ రెండు ఊళ్లు, రెండు దారులు పెట్టుకోవాలి. పాచికల మీద ఏ అంకె పడితే, ఆ అంకె ఉన్న గడిని ఆనుకుని ఊరున్నవాళ్లకి సరుకు దొరుకుతుంది. కొత్తగా వచ్చినామె బోర్డ్ అంతా చూసి, 2, 12, 3 అంకెలు కలిసే మూల మీద ఊరు పెట్టబోయిందనుకోండి. "అక్కడొద్దు, ఇక్కడ పెట్టండి" అన్నారంటే ఆ నిర్ణయం మీదైపోయింది, ఆమె మీ పావు జరిపే చేయి మాత్రమే. దానికి బదులు, "ఆ అంకెల కింద చుక్కలు చూశారా? ఎన్ని ఎక్కువ చుక్కలుంటే ఆ అంకె అంత తరచుగా పడుతుంది" అనండి. అంతే. రెండు పాచికలు వేస్తే వచ్చే 36 జతల్లో 6 పడేవి ఐదు, 8 పడేవి ఐదు, 2 పడేది ఒక్కటే అన్న లెక్క ఆసక్తి ఉంటే తర్వాత చెప్పుకోవచ్చు. చుక్కలు చూశాక కూడా "లేదు, నాకు ఇక్కడే బాగుంది" అని అదే మూల మీద పెట్టిందంటే అది ఆమె ఇష్టం. వరసగా రెండుసార్లు 12 పడి ఆమె చప్పట్లు కొట్టడం కూడా జరగొచ్చు. పాచికలకి మన లెక్కలతో పని లేదు.

అంతా తెలిసి, ఆలోచించి, అయినా తప్పు లెక్క వేయడం మూడో రకం. దీనికి మాట్లాడకండి. ఆ తప్పు ఫలితం తన కళ్లతో చూసినప్పుడు వచ్చే జ్ఞానం మీరు చెబితే రాదు. "అదే నేనైతేనా..." అని మొదలయ్యే వాక్యం ఏదైనా సరే మింగేయండి. వాళ్ల పావుని, వాళ్ల కార్డుని మీ చేత్తో ముట్టుకోకండి.

వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటానంటే మొదటి ఆటలో ఒప్పుకోండి, కొత్త కార్డేదీ బయటపడనంత వరకు. ఈ వెసులుబాటు ఎప్పటిదాకో అందరి ముందూ ముందే అనుకోవడం మంచిది.

కొందరు ఒక్కో వంతుకీ చాలాసేపు ఆలోచిస్తారు. పక్కవాళ్లు నిట్టూర్చడం మొదలుపెడతారు. వాళ్ల చూపులు కొత్త మనిషి మీద పడకుండా చూసుకోవడం మీ పనే. "మనకేం రైలు తప్పిపోవట్లేదు, చూసుకోండి" అనేస్తే టెన్షన్ తగ్గుతుంది. ఇంకా తేలకపోతే, "ఇప్పుడు మీకు రెండే దారులు కనబడుతున్నాయి కదా, ఏవేంటో పైకి చెప్పండి" అనండి. పైకి చెప్పేసరికే చాలామందికి తేలిపోతుంది.

5. అందరూ ఒక జట్టుగా ఆడే గేమ్స్‌తో జాగ్రత్త

కొత్తవాళ్లకి పోటీ లేని గేమ్ అయితే సులువని పాండెమిక్ తీస్తుంటారు. 2008లో వచ్చిన ఈ గేమ్‌లో అందరూ కలిసి నాలుగు రోగాల మీద పోరాడతారు, ఒక్కొక్కరి వంతులో నాలుగు పనులు చేయొచ్చు. గేమ్ మంచిదే. చిక్కల్లా అన్నీ తెలిసిన ఒక్క మనిషి నలుగురి వంతులూ తనే ఆడేయడం. "నువ్వు అటెళ్లు, నువ్వు ఇది తీసెయ్" అంటూ టేబుల్ అంతా తనే నడిపేస్తాడు. గెలుస్తారు, నిజమే. కొత్తవాళ్లు మాత్రం ఇంకోసారి రారు.

దీనికి మందు: మెంటర్ ఆఖరున మాట్లాడాలి. ముందు ఎవరి వంతైతే వాళ్లు తమ ఆలోచన చెబుతారు, తర్వాత మిగతావాళ్లు, అడిగితేనే మీరు. రోగాలని ఒక్కసారిగా పెంచే ఎపిడెమిక్ కార్డులు నాలుగే కలిపి తేలికపాటి స్థాయిలో మొదలుపెట్టండి, ఓడినా ఫర్వాలేదు.

ఊరుకోవడం మీ వల్ల కాదంటే, మాట్లాడటానికి వీల్లేని గేమే ఎంచుకోండి. హనబీలో ఎవరి కార్డులు వాళ్లకి కనబడవు, అవతలివాళ్లకి కనబడేలా పట్టుకోవాలి, సూచనలు లెక్కగా మాత్రమే ఇవ్వాలి. ద క్రూలో కూడా చేతిలో ఏముందో చెప్పడానికి హద్దులున్నాయి. అయితే ఇది పేకాటలోలా పట్లు గెలిచే గేమ్, అందరూ తలో కార్డు వేస్తే అది ఒక పట్టు. పట్టు గెలవడం అంటే ఏమిటో తెలియనివాళ్లకి ద క్రూ కాస్త ఆలస్యంగా అందుతుంది. ముందు రెండు మూడు పట్లు కార్డులు తెరిచి ఆడి చూపించండి.

6. కావాలని ఓడిపోకండి

కొత్తవాళ్లని గెలిపించడానికి దొంగచాటుగా చెత్త ఎత్తులు వేస్తే వాళ్లకి తెలిసిపోతుంది, తెలియకపోతే ఇంకా నష్టం. తేడా తగ్గించాలంటే బాహాటంగా తగ్గించండి. గీతల బోర్డ్ మీద నల్ల, తెల్ల రాళ్లతో ఇద్దరు ఆడే గో ఆటలో ఇది పాత పద్ధతి. బలహీనమైన ఆటగాడు నల్ల రాళ్లు తీసుకుని, ఆట మొదలవకముందే బోర్డ్ మీద రెండు నుంచి తొమ్మిది రాళ్ల దాకా పెట్టుకుంటాడు. ఎన్ని రాళ్లన్నది ఇద్దరి స్థాయి తేడాని బట్టి ఉంటుంది. ఎదుగుతున్నకొద్దీ ఒక్కో రాయీ తగ్గుతుంది, ఎంత ఎదిగాడో ఇద్దరికీ కళ్ల ముందే కనబడుతుంది. అక్కడ కొత్తవాళ్లని 19 గీతల పెద్ద బోర్డ్ మీద కాకుండా 9 గీతల చిన్న బోర్డ్ మీద మొదలుపెట్టిస్తారు కూడా.

మీ గేమ్‌లోనూ ఇలాంటిదేదో దొరుకుతుంది: కొత్తవాళ్లకి కొన్ని పాయింట్లు ముందే ఇవ్వడం, మీకు మీరే ఒక కట్టుబాటు పెట్టుకోవడం. కట్టుబాటు ఏమిటో పైకి చెప్పి, తర్వాత మనస్ఫూర్తిగా ఆడండి.

7. ఆట అయ్యాక ఒక్క విషయం మాట్లాడుకోండి

చెస్, గో ఆడేవాళ్లు ఆట ముగిశాక ఇద్దరూ కూర్చుని ఎత్తులు వెనక్కి వేసి చూసుకుంటారు. బోర్డ్ గేమ్స్‌లో అంతా వెనక్కి పెట్టడం కుదరదు, అవసరమూ లేదు. ముక్కలు పెట్టెలో సర్దుతూనే అడగండి: "ఎక్కడ చేయి జారిందనిపించింది?" జవాబు ముందు వాళ్ల నోట రావాలి. తర్వాత మీకు కనబడినదాంట్లో ఒక్కటే ఒక్కటి చెప్పండి. ఎనిమిది తప్పులు పూసగుచ్చినట్టు చెబితే ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. ఘోరంగా ఓడి, అలసిపోయి ఉంటే ఆ ఒక్కటీ కూడా వచ్చేవారానికి వాయిదా వేయండి.

8. రూల్‌బుక్ వాళ్ల చేతికివ్వండి

చాలామంది మెంటర్లు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. తామే చెబుతూ ఉండటం బాగుంటుంది మరి.

కొన్నాళ్లకి ఒక చిన్న గేమ్ పెట్టె చేతిలో పెట్టి, "వచ్చేసారి ఇది మీరు చెప్పాలి" అనండి. తను ఇప్పటికే ఆడిన గేమ్ అయితే నయం. అజూల్, కార్కసోన్ లాంటివి దీనికి బాగుంటాయి. ఆ రోజు మీరు కూడా రూల్స్ తెలియనట్టే కూర్చోండి. మధ్యలో ఏదో మర్చిపోతారు, తప్పకుండా మర్చిపోతారు. కార్కసోన్‌లో పొలంలో పడుకోబెట్టిన మీపుల్ (చిన్న మనిషి ఆకారపు పావు) ఆట ముగిసేదాకా వెనక్కి రాదన్న మాట చెప్పకుండా దాటేశారనుకోండి. వెంటనే అందుకోకండి. "పొలం గురించి ఒకసారి రూల్‌బుక్‌లో చూద్దామా?" అని ఆగండి. ఆ పేజీ వెతుక్కోవడం అలవాటైతే, ఆ తర్వాత ఏ గేమ్ వచ్చినా భయం ఉండదు.

గేమ్స్ తయారుచేసేవాళ్లు తమ రూల్‌బుక్‌ని ఇలాగే పరీక్షిస్తారు. నమూనా పెట్టె, రూల్స్ కాగితం తెలియనివాళ్ల చేతికిచ్చి, డిజైనర్ ఒక్క ముక్క మాట్లాడకుండా వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తాడు. మీరు చేయాల్సిందీ అంతే. ఎక్కడ ఆగారో రాసుకోండి, చివర్లో మాట్లాడండి.

మీ స్నేహితులకే కాదు, మీకు అంతగా పడని టేబుల్ వాళ్లకి కూడా కొత్త మనిషిని పరిచయం చేయండి. ఒక్కరి దగ్గరే నేర్చుకుంటే ఆ ఒక్కరి ఇష్టాయిష్టాలన్నీ అంటుకుంటాయి.

నేర్చుకునేవాళ్ల కోసం

1. ఎవరి దగ్గర కూర్చోవాలో చూసుకోండి

ఎక్కువసార్లు గెలిచే మనిషే మంచి మెంటర్ అనుకోకండి. ఓ సాయంత్రం ఊరికే చూస్తూ కూర్చోండి. అందరికన్నా నెమ్మదిగా ఆడే మనిషితో ఎవరు ఎలా మాట్లాడుతున్నారు? ఒకే రూల్ రెండోసారి అడిగితే ఎవరి ముఖం మారుతోంది? ఓడిపోయినప్పుడు ఎవరెలా ఉన్నారు? మీకు కావాల్సిన మనిషి ఎవరో దీనితో తెలిసిపోతుంది.

2. చిన్నగా, సూటిగా అడగండి

"నాకు బోర్డ్ గేమ్స్ నేర్పండి" అంటే అవతలి మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు, భయం కూడా వేస్తుంది. "వచ్చే మూడు సార్లు నాతో వింగ్‌స్పాన్ ఆడతారా? గుడ్ల దగ్గరే ఎప్పుడూ వెనకబడిపోతున్నా" అంటే ఎవరూ కాదనరు. గడువు, గేమ్, ఇబ్బంది మూడూ అందులో ఉన్నాయి. కుదరదంటే చిన్నబుచ్చుకోకండి, వాళ్లకి ఈ నెల వేరే పనులు ఉండొచ్చు.

3. చదువుకుని రండి

ఏ గేమ్ ఆడబోతున్నారో ముందే తెలిస్తే రూల్‌బుక్ ఒకసారి చదవండి. అంతా అర్థం కానక్కర్లేదు. అర్థం కానివి రెండు రాసుకుని వస్తే చాలు, మెంటర్ చెప్పేటప్పుడు మీ చెవి సరిగ్గా అక్కడ నిలబడుతుంది. ముక్కల పేర్లు తెలిసి వచ్చినా సగం బెరుకు పోతుంది.

4. టేబుల్ దగ్గర సాయం ఎంత కావాలో చెప్పండి

ఎదుటివాళ్లకి మీ మనసులో ఏముందో తెలియదు. "ఈ వంతు నన్నే ఆలోచించుకోనివ్వండి" అనడంలో తప్పేమీ లేదు. "నాకేమీ తోచట్లేదు, రెండు దారులు చెప్పండి, ఎంచుకునేది నేను" అనడంలోనూ తప్పు లేదు. ఏమీ అనకుండా పళ్లు బిగబట్టి కూర్చుంటే మాత్రం, వాళ్లు సాయం చేస్తున్నామనే అనుకుంటూ ఉంటారు.

అడిగే ప్రశ్న ఎలాంటిదన్నది ముఖ్యం. "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే ఒక ఎత్తు దొరుకుతుంది, అది ఈ వంతుకే పనికొస్తుంది. "ఇందాక మీరు ఆ కార్డు ఎందుకు వదిలేశారు?" అని ఆట అయ్యాక అడిగితే వాళ్లు ఆలోచించే తీరు దొరుకుతుంది. పోటీ గేమ్ మధ్యలో ఈ రెండో ప్రశ్న అడగకండి, వాళ్లు తమ ఎత్తుగడ బయటపెట్టలేరు కదా.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, గేమ్, పాయింట్లు, ఒక్క వాక్యం రాసుకోండి. "చివర్లో కొత్త టికెట్లు తీసుకుని మునిగాను" లాంటి వాక్యం. ఓ పది ఆటలయ్యాక వెనక్కి తిరగేస్తే మీ తప్పు ఏ రకంగా మళ్లీ మళ్లీ వస్తోందో మీకే కనబడుతుంది.

5. సొంత గేమ్ చేస్తున్నట్టయితే

డిజైన్‌లో మెంటర్ కావాలంటే ముందు ఆడదగ్గ నమూనా ఒకటి ఉండాలి. కాగితం ముక్కలు, పెన్సిల్ గీతలు చాలు, బొమ్మల మీద డబ్బు తగలేయకండి. ఐడియా మాత్రమే పట్టుకెళితే దాని మీద ఎవరూ చెప్పేదేమీ ఉండదు.

ఆడి చూసినవాళ్లు "ఇక్కడ ఇంకో పాచిక పెడితే బాగుంటుంది" లాంటి సలహాలు బోలెడు ఇస్తారు. సలహా కన్నా దాని వెనకున్న ఇబ్బంది విలువైనది. "ఏ చోట విసుగనిపించి ఆ మాట అన్నారు?" అని తిరిగి అడగండి. మధ్యలో మూడు వంతులు తన చేతిలో ఏమీ లేదనిపించిందని తేలొచ్చు, దానికి పాచికతో సంబంధమే ఉండకపోవచ్చు. మెంటర్ చెప్పిన ప్రతిదీ చేసేయాలని లేదు, గేమ్ మీది. విన్నదాంట్లో ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో తర్వాతిసారి వాళ్లకి చెబితే మాత్రం మళ్లీ ఆడటానికి వస్తారు.

6. మీ వంతు బరువు మోయండి

ఓ పావుగంట ముందొచ్చి సెటప్ చేయండి, ఆట అయ్యాక ముక్కలు వేటి సంచుల్లో అవి వేయండి. అరువు తీసుకున్న పెట్టె తిరిగిచ్చేటప్పుడు ముక్కలు లెక్కపెట్టి ఇవ్వండి. కార్కసోన్‌లో 72 టైల్స్ (బోర్డ్‌లా పేర్చే చదరపు ముక్కలు) ఉంటాయి, ఒక్కటి సోఫా కిందకి పోయినా ఆట దెబ్బతింటుంది. ఇవి మర్యాదలే అయినా, సెటప్ చేయడం వల్ల గేమ్ ఎలా అమరుతుందో చేతికి తెలుస్తుంది. మీ తర్వాత వచ్చిన కొత్త మనిషికి, మీకు తెలిసిన ఒక్క గేమ్ అయినా మీరు చెప్పండి. ఆర్నెల్ల కిందట తనకి ఏది అర్థం కాలేదో గుర్తున్న మనిషి, పదేళ్లుగా ఆడుతున్నవాళ్ల కన్నా ఒక్కోసారి బాగా చెబుతారు.

7. హద్దులు, వీడ్కోలు

ఇది ఇద్దరికీ. నేర్చుకునేవాళ్లు పిల్లలైతే నలుగురూ ఉన్నచోటే ఆడండి, ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసేలా. మెంటర్ అన్న చనువుతో గేమ్స్ కొనమని ఒత్తిడి చేయడం, ఆట బయటి విషయాల్లో వేలు పెట్టడం, వేళాపాళా లేకుండా మెసేజ్‌లు పెట్టడం తగదు. అలాంటిది ఎదురైతే గ్రూప్ నడిపేవాళ్లకి చెప్పండి. వెక్కిరింపుని "సరదాకి అన్నాలే" అని కొట్టిపారేసే టేబుల్ నుంచి లేచి వచ్చేయొచ్చు, ఆట మధ్యలో అయినా సరే.

తప్పు ఎవరిదీ కాకుండా కూడా పొసగకపోవచ్చు. మెంటర్‌కి నాలుగు గంటల యుద్ధపు గేమ్స్ ఇష్టం, మీకు గంటలో అయిపోయేవి ఇష్టం. లేదా మీరిప్పుడు వాళ్ల సాయం లేకుండానే హాయిగా ఆడుకుంటున్నారు. మెసేజ్‌లకి జవాబివ్వడం మానేసి జారుకోకండి. "వచ్చే నెల నుంచి నేను ఇంకో టేబుల్ దగ్గర కూర్చుంటా, మీరు కొత్త గేమ్ ఏదైనా తెస్తే మాత్రం పిలవండి" అని చెప్పి, వాళ్ల పెట్టెలేవైనా మీ దగ్గరుంటే ఆ రోజే ఇచ్చేయండి. మెంటర్ వైపు నుంచి అయితే, ఇకపై కుదరదన్న మాట చెప్పేటప్పుడే తర్వాత ఎవరి దగ్గర కూర్చుంటే బాగుంటుందో ఒక పేరు చెప్పి, వీలైతే ఆ టేబుల్ దాకా వెళ్లి పరిచయం చేసి రండి.